పసుపుకు తెగని దారం

ఫోటో చూడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇది నా శాంపిలేనా?"

నరేష్ ట్యూబు మూత నా వైపు తిప్పాడు. దాని మీద నా పేరు స్వర్ణ, పన్నెండో నంబరు, పసుపు కలిపినది. నా చేతిరాతే. నరేష్ మా ల్యాబులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడిపే మనిషి. పదేళ్లుగా అదే పని, పొరపాటు పడడు. ఆ పూట మాత్రం పడి ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను.

తెర నిండా దారాలు. సన్నగా, పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎక్కడా తెగలేదు. పసుపు కలపని శాంపిల్ ఫోటో పక్కన పెట్టి చూపించాడు. రెండింటికీ తేడా చెప్పమంటే నా వల్ల కాలేదు. ఇంకో తొమ్మిది చోట్ల చూడమని పోరుపెట్టాను. పాపం, తొమ్మిది చోట్లా చూశాడు. తొమ్మిది చోట్లా అవే దారాలు.

ఆ దారాలు తెగిపోయాయని మూడు వారాల క్రితం నేను ఒకే ఒక్క మనిషికి చెప్పాను. ఆ మనిషి మా నాన్న, మా బాపు. మా బాపుకు చెప్పడమంటే ఆర్మూరు పసుపు మార్కెట్ యార్డు మొత్తానికి చెప్పడమే.

నేను హైదరాబాద్‌లో ఫ్లూ వైరస్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ వైరస్ తయారుచేసే ప్రొటీన్లలో పీబీ1-ఎఫ్2 అని ఒక చిన్నది ఉంది. విడిగా ఉన్నప్పుడు దానికి ఒక రూపమంటూ ఉండదు. కానీ కొన్ని పరిస్థితుల్లో అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని, పేరుకుని, గట్టి దారాలైపోతాయి. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ల మెదడులో అమిలాయిడ్ అనే దారాలు పేరుకుంటాయని వినే ఉంటారు. ఇవీ దాదాపు అలాంటివే. మొదటిసారి చదివినప్పుడు రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నాలుగు రోజులు ముక్కు కారి పోతుందనుకునే జ్వరం మనిషి కణాల్లో ఇలాంటి పని చేయగలదా అని నివ్వెరపోయాను. ఆ దారాలు ఒంట్లో ఏమేం చేస్తాయో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు.

ఆ దారాలు మామూలు కంటికి కనిపించవు. అందుకని ట్యూబులో ఒక రంగు కలుపుతాం. ఆ రంగు దారాలకు అంటుకున్నప్పుడే బాగా వెలుగుతుంది. వెలుగు ఎక్కువుంటే దారాలు ఎక్కువున్నట్టు, తగ్గితే తక్కువున్నట్టు లెక్క. ఆర్మూరు పిల్లను కదా, ఇందులో పసుపు కలిపితే ఏమవుతుందోనన్న దురద నాకు మొదటి రోజు నుంచీ ఉంది. పసుపులోంచి తీసిన కర్కుమిన్ చిటికెడంటే చిటికెడు కలిపాను. వెలుగు నాలుగో వంతుకు పడిపోయింది. నేను కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు గుండ్రంగా తిరిగాను. మా మేడంకు చెప్పకముందే బాపుకు ఫోన్ చేశాను.

మా బాపు గంగాధర్ యార్డులో దడువాయి. రైతు తెచ్చిన పసుపు బస్తాను కాంటా మీద పెట్టించి, తూకం చూసి, అందరికీ వినపడేలా అరిచి చెప్పడం దడువాయి పని. ఇటు రైతు, అటు వ్యాపారి ఇద్దరూ ఆ ఒక్క గొంతును నమ్మాలి. ముప్పై ఏళ్లలో బాపు అరిచిన తూకాన్ని మళ్లీ కాంటా పెట్టమని అడిగినవాళ్లు లేరు. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకుంటాడు, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్తాడు.

"బాపూ, పసుపు కలిపితే ఫ్లూ దారాలు తెగుతున్నయ్" అన్నాను.

అటు యార్డు గోల. దాని మధ్యే బాపు అడిగాడు, "విరిచి సూసినవా బిడ్డా?"

మా యార్డులో ఆ మాటకు ఒకటే అర్థం. పసుపు కొమ్ము పైకి ఎంత మెరిసినా ఎవరూ నమ్మరు. చేత్తో పటుక్కున విరిచి, లోపలి రంగు చూసుకున్నాకే నోరు విప్పుతారు. నా పనిలో విరిచి చూడటమంటే మైక్రోస్కోపు కింద పెట్టి ఆ దారాలను కళ్లారా చూడటం. దాని వరసలో నా శాంపిల్ వంతు రావడానికి మూడు వారాలుంది. ఆ మాటే చెప్పి ఉండాల్సింది. కానీ నాకు పొగరు, ఓపిక సున్నా. వెలుగు అంత తగ్గాక ఇంకా చూసేదేముందిలే అనుకున్నాను.

"సూసిన బాపూ" అన్నాను.

ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు తెలియదు. వెనక హమాలీ భీమన్న కాక నవ్వడం వినపడింది. "మన పసుపంటే ఏమనుకున్నవ్ గంగన్నా" అంటున్నాడు. ఆ సాయంత్రమే యార్డువాళ్ల వాట్సాప్ గ్రూపులో బాపు గొంతు తిరిగింది. 'దడువాయి గంగాధర్‌ను మాట్లాడుతున్న. నా బిడ్డ హైదరాబాద్‌ల సూసి చెప్పింది. సర్ది జరానికి మన పసుపును మించిన మందు లేదు. ఇది విరిచి సూసిన ముచ్చట.' నాకూ పంపాడు. వినగానే నవ్వొచ్చింది. ట్యూబులో జరిగింది మనిషి ఒంట్లో జరగాలని లేదని, ఇది మందు కానే కాదని ఫోన్ చేసి చెప్పాలనిపించింది కూడా. చెప్పలేదు. ఆ గొంతులో నా గురించి ఉన్న గర్వం నాకు తియ్యగా అనిపించింది. దాచి లాభం లేదు, జరిగింది ఇదే.

ఇప్పుడు నరేష్ తెర మీద ఆ దారాలను చూస్తూ బాపుకు ఫోన్ కలిపాను. ఎత్తలేదు. మూడోసారికి అమ్మ ఎత్తింది.

"బాపు ఫోనెందుకు ఎత్తుతలేడమ్మా?"

"పండుకున్నడు."

పొద్దున పదకొండు గంటలు. యార్డులో పసుపు సీజన్. ఈ నెలల్లో మా బాపు పగటిపూట పడుకోవడం నేను పుట్టాక చూడలేదు.

"ఏమైంది?"

అమ్మ ఒక్కసారిగా చెప్పేసింది. "నాల్గొద్దులాయె బిడ్డా, జరం వట్టి. దగ్గు. దమ్ము ఆడుతలేదు. నీకు చెప్పొద్దన్నడు. దవాఖానకు రమ్మంటే రాడు. నువ్వే చెప్పినవంట గదా, పసుపు తాగితే తగ్గుతదని. దినాం ఎన్మిది గిలాసలు తాగుతుండు."

ఎదురుగా తెర, దాని నిండా తెగని దారాలు. చెవిలో అమ్మ గొంతు. ఫ్లూ మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ పని చేస్తుందని నాకు తెలుసు. ఆ రెండు రోజులూ ఎప్పుడో అయిపోయాయి. ఆ రెండు రోజుల్లో బాపు నా మాట తాగుతూ కూర్చున్నాడు. ఫోన్ చేతిలోంచి జారి కింద పడింది. నరేష్ తీసి ఇచ్చాడు.

ఎలా బస్టాండుకు వెళ్లానో, ఎలా బస్సెక్కానో గుర్తులేదు. దారి పొడుగునా అమ్మకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. అంబులెన్స్ పిలవమన్నాను. పిలిచిందట. బాపు దాన్ని గుమ్మం నుంచే తిరగ్గొట్టాడట. మా ఊరి ముందు పెర్కిట్ చౌరస్తా దాటేసరికి ఉడికిన పసుపు వాసన బస్సులోకి కొట్టింది. ఇరవై ఏడేళ్లుగా నాకు ఇంటి వాసన అదే. ఆ రోజు కిటికీ మూసేశాను.

మధ్యాహ్నం మూడున్నరకు ఇంట్లో అడుగుపెట్టాను. అమ్మ బీడీలు చుట్టే చాట గోడకు ఆనించి ఉంది. నాలుగు రోజులుగా దాన్ని ముట్టుకోలేదని ఆకులు ఎండిపోవడం చూస్తే తెలిసింది. బాపు మంచం మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందట్లేదట. పక్కనే స్టీలు గ్లాసు, అడుగున పసుపు మడ్డి. పెదవుల మీద పసుపు పేరుకుని ఉంది. ఆ పసుపు కింద పెదవులు నీలంగా ఉన్నాయి. నేను గడపలోనే ఆగిపోయాను. ఎంతసేపు ఆగానో, అమ్మ వెనక నుంచి వీపు మీద చెయ్యేసింది.

"వచ్చినవా" అన్నాడు బాపు. యార్డు ఈ మూల నుంచి ఆ మూలకు వినపడే గొంతు, మంచం పక్కన నిలబడితే గానీ వినపడలేదు. "ఫికర్... వెట్టుకోకు. తగ్గుతది."

"తగ్గదు బాపూ. నేను చెప్పింది తప్పు. దారాలు తెగలేదు."

ఫోన్‌లో ఫోటో తీసి కళ్ల ముందు పెట్టాను. పసుపు ఆ దారాలకు అంటుకుంటుందని చెప్పాను. అది అంటుకుని, నేను కలిపిన రంగుకు జాగా లేకుండా చేస్తుంది, ఉన్న వెలుగును కూడా తానే మింగేస్తుంది. అందుకే వెలుగు తగ్గింది, దారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అర్థమయ్యేలా చెప్పానో లేదో తెలియదు, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బాపు ఫోటోను చాలాసేపు చూశాడు.

"విరిచి సూసిన... అన్నవ్ గదా."

"సూడలే. అబద్ధం చెప్పిన."

తిడతాడని చూశాను. తిడితే బాగుండును. ఆయన నవ్వాడు. "అబద్ధం... ఇప్పుడు చెప్తున్నవ్ బిడ్డా. నన్ను... దవాఖానకు తీస్కపోతందుకు."

నేను అదిరిపోయాను. నా అబద్ధం మూడు వారాలుగా ఊరంతా తిరిగింది. నా నిజం మా ఇంట్లో, మా బాపు దగ్గర చెల్లలేదు. కోపం ముంచుకొచ్చి నోటికొచ్చినట్టు అరిచాను. నీకు మొండితనం తప్ప ఇంకేం లేదన్నాను, ఇట్లయితే చస్తావన్నాను. ఆ మాట అన్నాక నేనే నోరు మూసుకున్నాను.

బాపు ఊపిరి కూడదీసుకున్నాడు. "యార్డుల... నలుగుర్ల అరిచి చెప్పిన. ఇప్పుడు నేనే పోయి దవాఖానల పంటే... గంగాధర్ బిడ్డ చెప్పింది తప్పంటరు. ఇంత సదివి... నీ మాట ఎవడు నమ్ముతడు? నాకేం గాదు. తగ్గుతది."

అప్పుడర్థమైంది. ఆయన పసుపును నమ్మి మంచం పట్టుకుని కూర్చోలేదు. నా పరువు కోసం కూర్చున్నాడు. నా మాట నిలబడాలని ఊపిరి అందకపోయినా గ్లాసు మీద గ్లాసు తాగుతున్నాడు. మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాను.

మా అమ్మ భాగ్యవ్వ వచ్చి మంచం మీద బాపు పక్కన కూర్చుంది. మెడలోంచి పుస్తెలతాడు బయటికి తీసింది. మా అమ్మ ఇప్పటికీ బంగారు గొలుసు వేసుకోదు, పసుపు రాసిన దారమే. బాపు చెయ్యి పట్టుకుని, ఆ దారాన్ని ఆయన వేళ్ల మధ్య పెట్టింది.

"దీనికి దినాం పసుపు రాస్త" అంది. "తానం జేసి, బొట్టు వెట్టుకుని, పసుపు రాస్త. నిన్న రాసిన. ఇయ్యాల పొద్దుగాల గూడ రాసిన. పసుపు దారాన్ని తెంపుతదా? గుంజి సూడు."

బాపు చెయ్యి కదపలేదు.

"గుంజు. అందరి కొమ్ములు విరిచి సూస్తవ్ గదా. ఇది గుంజి సూడు."

బాపు దారం వదిలేయబోయాడు. అమ్మ వదలనివ్వలేదు.

"నీ బిడ్డ సదువు నాకెరుక లేదు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "పసుపుకు దారం తెగది. గది నాకెరుక. ఈ దారం ఎప్పుడు తెంపుతరో గది గూడ ఎరుకే. నువ్వు గిట్లనే కూసుంటే, ఎల్లుండికి వచ్చి తెంపుతరు."

బాపు అమ్మ మొహంలోకి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. నేను నిజంగానే విరిచి చూడలేదని, ఇప్పుడు చెప్పిందే నిజమని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆయన మొహం నేను చూడలేకపోయాను.

"నా చెప్పులేవీ" అన్నాడు.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు, ఫ్లూనే. ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు, మందు మొదలుపెట్టారు. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని డాక్టరమ్మ అమ్మను అడిగింది. అమ్మ నా వైపు చూడలేదు. "మాకు తెల్వలేదమ్మా" అంది. పీహెచ్‌డీ చేస్తున్న నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మంచినీళ్ల కోసం వరండాలోకి వస్తే బెంచీ మీద భీమన్న కాక కనిపించాడు. బాపు సంగతి ఎవరో చెబితే యార్డు నుంచి అలాగే వచ్చేశాడు. తలకు చుట్టుకున్న రుమాలు నిండా పసుపు దుమ్ము. చేతిలో పెద్ద స్టీలు సీసా.

"బిడ్డా, మంచిగొచ్చినవ్" అన్నాడు. సీసా నా చేతిలో పెట్టాడు. వేడిగా ఉంది. "దవాఖానోళ్లు గిది ఇయ్యరని ఇంట్ల కాసి తెచ్చిన. గంగన్నకు తాపు."

మూత తీసి చూశాను, పసుపు నీళ్లే.

"మీ చిన్నమ్మకు గూడ గిదే పోస్తున్న" అన్నాడు. చిన్నమ్మ అంటే ఆయన భార్య. "ఐదొద్దులాయె పండి. నిన్నటిసంది జర మనుషుల్ని గుర్తు వడుతలేదు. ఇంకో గిలాస ఎక్కువ పొయ్యాల్నా బిడ్డా? నువ్వు సదువుకున్నదానివి, నిన్నడిగి పోస్తనన్న."

ఆ మాట అడుగుతున్నప్పుడు ఆయన కళ్లలో ఎంత నమ్మకం ఉందో చెప్పలేను. నా నోట్లోంచి వచ్చింది ఒకటే. "ఇప్పుడే తీస్కరా కాకా. పోసింది చాలు. ఇప్పుడే తీస్కరా." ఆయనకు అర్థం కాలేదు. నువ్వే గదా చెప్పినవ్ అన్నాడు. నేను తప్పు చెప్పిన కాకా అన్నాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారికి ఆయన సీసా తీసుకోకుండానే పరుగెత్తాడు.

లోపలికి వెళ్లేసరికి బాపు కళ్లు తెరిచే ఉన్నాడు. తలుపు తీసే ఉంది, అన్నీ విన్నాడు. మాస్కు పక్కకు తీసి ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపాడు. సిస్టర్ కసిరింది, ఆయన వినలేదు. గ్రూపు తెరిచి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"దడువాయి గంగాధర్‌ను. మొన్న చెప్పిన తూకం... తప్పు. పసుపు మందు గాదు. జరమొచ్చినోళ్లు... దవాఖానకు పోండ్రి. నేను గూడ... గాడనే ఉన్న."

అంతసేపు మాట్లాడేసరికి ఆయన మొహం చెమటతో తడిసిపోయింది. ఫోన్ నా చేతికిచ్చాడు. "ఇగ నువ్వు చెప్పు" అన్నాడు. నా పేరు చెప్పాను. విరిచి చూడకుండా చూశానని చెప్పింది నేనేనని చెప్పాను.

బాపు పదకొండు రోజులకు ఇంటికొచ్చాడు. భీమన్న కాక భార్య రాలేదు. ఆ సాయంత్రమే తెచ్చి చేర్పించారు, మూడో రోజు తెల్లారుతుండగా పోయింది. నేను కాక ఇంటికి వెళ్లాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కూర్చోమని చాప వేశాడు. నేను కూర్చోలేకపోయాను.

నెల తర్వాత బాపు మళ్లీ యార్డుకు వెళ్తుంటే తోడు వెళ్లాను. మనిషి సగమయ్యాడు, గొంతు మాత్రం కొంచెం కొంచెంగా తిరిగొస్తోంది. మొదటి బస్తా కాంటా మీదికొచ్చింది. వంగి చూసి తూకం అరిచాడు, "యాభై రెండున్నర."

బస్తా దించాల్సింది భీమన్న కాక. ఆయన బస్తా మీద చెయ్యి వేశాడు, ఎత్తలేదు.

"గంగన్నా" అన్నాడు, తల ఎత్తకుండా. "ఒక్కపారి మల్ల పెట్టుమనవా."

ముప్పై ఏళ్లలో బాపును ఎవరూ అడగని మాట అది. నేను బాపు వైపు చూశాను. ఆయన వంగి బస్తా మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ చెరో పక్క పట్టి బస్తాను కిందికి దించారు, కాంటాను సున్నాకు తెచ్చి మళ్లీ ఎత్తి పెట్టారు. బాపు ఈసారి అరవలేదు. పక్కకు జరిగి, అంకె కనపడేలా భీమన్న కాకకు జాగా ఇచ్చాడు.

యాభై రెండున్నరే ఉంది.